సొరుగు సారు మీద పగ

మా అక్కకు కోపం రాదని ఆమెను ఎరిగినవాళ్ళంతా అంటారు. కోపిష్టిదాన్ని నేనట. నిజమే, నా కోపం ముక్కు మీదే ఉంటుంది, అరగంటలో దిగిపోతుంది, ఆ తర్వాత నేనే వెళ్ళి పలకరిస్తాను. అక్కకు కోపం ఒక్కసారే వచ్చింది. దాన్ని పదిహేడేళ్ళు కడుపులో పెట్టుకుని, నవ్వుతూ జిరాక్సులు తీసింది.

మా దుకాణం కాలేజీ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక కంప్యూటరు, ఒక లామినేషన్ పెట్టె, మూలన స్టూలు మీద స్పైరల్ బైండింగ్ వేస్తూ నేను. ఇదే వీధిలో ఇంతకంటే వెడల్పైన గది, గాలీ వెలుతురూ ఉన్నది, దొరికింది. అక్క వద్దంది. ఇక్కడ కూర్చుంటే కాలేజీ ఆఫీసు మొదటి అంతస్తులో మూడో కిటికీ కనిపిస్తుంది. ఆ కిటికీ వెనక పరీక్షల విభాగం సూపరింటెండెంట్ కూర్చునేవాడు. పిల్లలు ఆయనకు పెట్టిన పేరు సొరుగు సారు.

ఎవరు ఏ కాగితం ఇచ్చినా దాని వంక చూడకుండా, కుడిచేతి పక్కనున్న సొరుగు లాగి అందులో పడేసి, "చూస్తాలే, వెళ్ళు" అనేవాడు. ఆ చూడడం ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. లంచం తినే మనిషి కాదు. తిన్నా బాగుండేది, ఇచ్చినవాడి పనైనా అయ్యేది. ఈయనది వట్టి బద్ధకం. తన బద్ధకం వల్ల ఇంకొకరి ఏడాది బూడిదలో పోసినట్టయినా చీమ కుట్టినట్టు కూడా ఉండని మొద్దుతనం. నాకు లంచగొండుల కంటే ఇలాంటివాళ్ళను చూస్తేనే ఒళ్ళు మండుతుంది.

అక్క డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా అమ్మకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. నాన్న దూరపు బస్సుల డ్రైవరు, వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. నేను బడికి వెళ్ళే పిల్లని. అమ్మను పక్క మీద ఇటూ అటూ తిప్పడం, మందులు, బట్టలు, డాక్టరు వచ్చినప్పుడు నిలబడి వినడం, అన్నీ అక్కే. రెండు నెలల తర్వాత కాలేజీకి వెళ్ళేసరికి ఆమె అటెండెన్స్ అరవై ఎనిమిది శాతానికి వచ్చింది. పరీక్ష రాయాలంటే డెబ్బై ఐదు ఉండాలి. అయితే అరవై ఐదుకు తగ్గకుండా ఉండి, సొంత జబ్బో ఇంట్లోవాళ్ళ జబ్బో కారణమని కాగితాలు చూపించి, గడువులోగా అర్జీ పెట్టుకుంటే ఆ లోటును మన్నిస్తారు. ఆ మన్నింపునే కండోనేషన్ అంటారు. ఒక లెక్చరరమ్మ చెబితే అక్క అర్జీ రాసి, ఆస్పత్రి కాగితాలు జతచేసి తీసుకెళ్ళింది. అప్పటికి ఆయన ఉత్త గుమాస్తా. సొరుగు మాత్రం అప్పుడూ ఉంది. "చూస్తాలే, వెళ్ళు" అన్నాడు. అక్క నమ్మి ఇంటికొచ్చి, ఆ రోజు అమ్మకు తలంటుపోసింది.

రెండు వారాలకు నోటీసు బోర్డు మీద జాబితా పడింది. అక్క పేరు పక్కన డిటెయిన్డ్ అని ఉంది. పరుగున వెళ్ళి అడిగితే ఆయన తలెత్తలేదు. "ఏ అర్జీ? ఇచ్చినట్టు రుజువేది?" అన్నాడు. అంతటితో ఊరుకున్నాడా, వరసలో ఉన్న నలుగురికీ వినబడేలా ఇంకో మాట విసిరాడు. "సినిమాలకు తిరగడం, అమ్మకు బాగాలేదని చెప్పడం. రోజూ చూస్తున్నాం ఇలాంటివాళ్ళని."

డిటెయిన్డ్ అంటే ఏమిటో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. కాలేజీలోంచి తీసేశారనుకున్నాం. నాన్న రెండు రోజులు అన్నం మానేశాడు. అమ్మ తన నడుమునే తిట్టుకుంది. వచ్చే ఏడాది జూనియర్లతో కలిసి అదే సెమిస్టరు మళ్ళీ చదువుకోవచ్చని, దానికి నెలలోగా రీఅడ్మిషన్ ఫారం ఒకటి నింపితే చాలని మాకెవరు చెబుతారు? అక్క పుస్తకాలు పక్కింటి పిల్లకు ఇచ్చేసి ఒక జిరాక్స్ దుకాణంలో పనికి చేరింది.

మూడేళ్ళ తర్వాత ఎవరో కాలేజీ నిబంధనల పుస్తకం కాపీకి ఇచ్చారు. ఎనభై నాలుగు పేజీలు. ముప్పై ఒకటో పేజీని అద్దం మీద బోర్లా పెట్టబోతూ అక్క చూపు దాని మీద పడింది. డిటెయిన్ అయిన విద్యార్థి ముప్పై రోజుల్లోగా రీఅడ్మిషన్ కోరవచ్చు. అక్క ఆ ఒక్క వాక్యం చదువుతూ అలాగే నిలబడిపోయింది. వేలు మీట మీద ఉందేమో, అదే పేజీ పదకొండు కాపీలు పడ్డాయట. యజమాని కేకలేసేదాకా ఆమెకు ఒంటి మీద స్పృహ లేదు. ఆ పదకొండు కాపీలూ ఇంటికి తెచ్చి నా ముందు పరిచి, "నన్నెవరూ తీసెయ్యలేదే. నేనే వచ్చేశాను" అంది. ఆ రోజు చూశాను ఆమె కోపం. అరుపు లేదు, ఏడుపు లేదు. మూతి బిగించుకుని పుస్తకమంతా రెండుసార్లు చదివింది.

సొంత దుకాణం పెట్టాక ఆ పుస్తకం ఆమెకు కంఠతా వచ్చేసింది. పిల్లలు ఆమెను రూల్స్ అక్క అనేవారు. కాపీ కోసం వచ్చి సందేహం తీర్చుకుని పోయేవాళ్ళే ఎక్కువ.

"డిటెయిన్ అంటే గెంటెయ్యడం కాదురా, ఆపడం. గెంటేస్తే దానికి వేరే ఉత్తరం వస్తుంది. ఏడుపు ఆపి రీఅడ్మిషన్ ఫారం నింపు."

"రీకౌంటింగ్ అంటే వేసిన మార్కులు మళ్ళీ కూడతారు, అంతే. నువ్వు రాసింది ఎవరూ చదవరు. చదవాలంటే రీవాల్యుయేషన్. కూడిక మీద అనుమానమా, దిద్దినవాడి మీద అనుమానమా? అది చెప్పు, ఫారం ఇస్తా."

"మధ్యలో ఆపాలనుంటే చెప్పి ఆపు తల్లీ. అర్జీ పెట్టి ఆపితే విరామం అని రాస్తారు. చెప్పకుండా ఇంట్లో కూర్చుంటే అన్నిట్లో ఫెయిలని రాస్తారు. కూర్చోవడం అదే, రాత వేరు."

"ప్లేజరిజమా? పక్కింట్లోంచి కూర తెచ్చి నేనే వండానని వడ్డించడం. తిన్నవాడికి ఇట్టే తెలిసిపోతుంది, జాగ్రత్త."

వీటన్నిటికంటే పెద్ద సూత్రం ఇంకొకటి ఉండేది. ఏ అర్జీ అయినా రెండు కాపీలు తియ్యాలి. సొరుగు సారు బల్ల దగ్గరికి వెళ్ళకూడదు. కింద కాగితాలు తీసుకునే ఇన్‌వర్డ్ కౌంటర్లో ఇచ్చి, రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకుని తెచ్చుకోవాలి. స్టాంపు దొరకని పక్షంలో కనీసం ఇస్తుండగా ఫోటో తియ్యాలి. మా గడప తొక్కిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ అక్క ఇది నూరిపోసింది. దాంతో సొరుగు సారుకు కంటి మీద కునుకు లేకుండా పోయింది. కాగితాలన్నీ నంబర్లతో, తేదీలతో వచ్చిపడుతుంటే తప్పించుకునే దారి లేదు. ఫలానా నిబంధన, ఫలానా పేజీ అని పిల్లలు అడుగుతుంటే తలపట్టుకునేవాడు. ఒకసారి కిటికీలోంచి మా దుకాణం వంక చూసి ఎవరితోనో ఏదో అంటూ చెయ్యి తిప్పడం కనిపించింది. ఆ రోజు నేను పండగ చేసుకున్నాను. అక్క మాత్రం, "ఇది చాలదే" అంది.

చాలలేదు, ఎందుకంటే ఆయన రిటైర్మెంటు దగ్గరపడింది. నెలాఖరుకు వీడ్కోలు సభ, ముందు వరసలో కూర్చుని ఫోటో, నలుగురు లేచి ఈయనంతటివాడు లేడని చెప్పడం. ముప్పై ఆరేళ్ళ సర్వీసులో మచ్చ లేదని సభ కార్డులోనే వేశారు. ఆ కార్డు మా దుకాణంలోనే ప్రింటయింది. అక్క ఆ మాట చదివి, ఒక అక్షరం తప్పు పోకుండా సరిచూసి మరీ ప్రింటు తీసి ఇచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కళ్ళజోడమ్మాయి వచ్చింది. ఆఖరి సెమిస్టరు పిల్ల. తండ్రి లేడు. తల్లి ఒక పెద్దాస్పత్రిలో దుప్పట్లు ఉతికే ఆవిరి గదిలో పనిచేస్తుంది. పిల్లకు ఒక మందుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం ఖాయమైంది, ఒక్క షరతు మీద. బ్యాక్‌లాగ్, అంటే పాసవకుండా మిగిలిపోయిన సబ్జెక్టు, ఒక్కటి కూడా ఉండకూడదు. ఉద్యోగంలో చేరిన రోజే అమ్మ చేత ఆ పని మాన్పించేస్తానని మాతో ఎన్నిసార్లు చెప్పిందో. ఈలోగా కామెర్లు వచ్చి మూడు వారాలు హాస్టల్లో మంచం పట్టింది. అటెండెన్స్ డెబ్బై ఒకటి.

"కండోనేషన్ అర్జీ ఇచ్చానక్కా. కానీ స్టాంపు పడలేదు," అంది భయం భయంగా. "కౌంటరావిడ భోజనానికి వెళ్ళింది. ఆ సారు పైకి వెళ్తూ ఇటివ్వమని చెయ్యి చాపాడు. ఎలా కాదనను? మీరు చెప్పారని మా ఫ్రెండు ఆయన బల్ల దాకా వెంట వెళ్ళి ఫోటో తీసింది."

అక్క ఫోను చేతికి తీసుకుంది. సొరుగు సగం తెరిచి ఉంది, ఆయన చెయ్యి అందులో ఉంది, చేతిలో కాగితం మీద పిల్ల పేరు కూడా చదవొచ్చు. పైన తేదీ ఉంది. గడువు ఇంకా తొమ్మిది రోజులు. అక్క ఆ ఫోటోను ఎంతసేపు చూసిందంటే, మిషన్ దానంతటదే నిద్రలోకి వెళ్ళిపోయింది.

"ఇంకో అర్జీ రాసి కౌంటర్లో ఇవ్వనా అక్కా?"

"అక్కర్లేదు," అంది అక్క. "రుజువు ఉందిగా. నీ పనైపోయినట్టే. ఇక ఆ ఆఫీసు చుట్టూ తిరక్కు."

పిల్ల వెళ్ళాక అక్క నాకు లెక్క చెప్పింది. ఇవాళ వెళ్ళి అడిగితే ఆయన సొరుగులోంచి కాగితం తీసి పని చేసేస్తాడు, తప్పు దొరకదు. గడువు దాటి, జాబితా పడి, అందులో ఈ పిల్ల పేరుంటే అప్పుడు దొరుకుతాడు. జాబితా పడిన రోజే ఫిర్యాదుల కమిటీకి ఈ ఫోటో వెళుతుంది. కమిటీ ఏడు రోజుల్లో కూర్చోవాలని నిబంధన. ఆఫీసు తప్పు తేలితే విద్యార్థికి నష్టం జరక్కుండా చూడాలని ఇంకో నిబంధన. పరీక్షలు జాబితా తర్వాత పదో రోజు. "మూడు రోజులు చేతిలో మిగులుతాయి. పిల్లకేమీ కాదు. ఆయన మచ్చతో పోతాడు," అంది. నాకు ఆనందంతో కాళ్ళు నేల మీద ఆగలేదు.

నాలుగో రోజు కళ్ళజోడమ్మాయి మళ్ళీ వచ్చింది. నిద్రపోయినట్టు లేదు. "ఒక్కసారి వెళ్ళి గుర్తుచేసి వస్తానక్కా. మనసాగట్లేదు."

అక్క నా వంక చూసింది. ఆ చూపు నాకు బాగా గుర్తుంది, నన్ను అడుగుతున్న చూపు అది. నేను బైండింగ్ తీగ పక్కన పెట్టి, "వద్దమ్మా. ఆయన్ని కెలికితే లేనిపోనిది పెడతాడు. అక్క చూసుకుంటుందిగా" అన్నాను. పిల్ల మమ్మల్ని నమ్మింది.

శుక్రవారం జాబితా పడింది. పిల్ల పేరుంది. అరగంటలో ఫిర్యాదు, ఫోటో, అర్జీ రెండో కాపీ అన్నీ కౌంటర్లో స్టాంపు పడి కమిటీకి వెళ్ళాయి. సోమవారం కబురు లేదు. మంగళవారం లేదు. గురువారం నాటికి అక్కకు అనుమానమొచ్చి పుస్తకం తెరిచింది. ఏడు రోజులు కాదు, ఏడు పనిదినాలు. ఎదుటివాళ్ళకు ప్రతి మాటా వేలు పెట్టి చదివించే మనిషి, ఆ ఒక్క మాట దాటేసి లెక్క కట్టింది. మధ్యలో రెండు శని ఆదివారాలు, ఒక సెలవు. ప్రిన్సిపాల్ దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఏదో సమావేశానికి వెళ్ళాడు. కమిటీలో ఒక్కొక్కరికీ ఫోన్లు చేసింది. తేదీ ప్రకారమే కూర్చుంటామన్నారు వాళ్ళు, వాళ్ళ తప్పు కూడా లేదు.

సోమవారం ఒక పరీక్ష, బుధవారం పొద్దున ఇంకోటి జరిగిపోయాయి. బుధవారం మధ్యాహ్నం కమిటీ కూర్చుంది.

పిల్లను మాత్రం పిలిచారు, మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. వరండాలో బల్ల మీద కూర్చున్నాం. లోపల ఫోటో పెద్ద తెర మీద వేశారట. సొరుగు తాళం తీయిస్తే కళ్ళజోడమ్మాయి అర్జీతో పాటు ఇంకా పదిహేను దొరికాయట. గంట తర్వాత ఆయన బయటికొచ్చాడు. మెడ వంగిపోయింది. చేతిలో సంజాయిషీ అడుగుతూ ఇచ్చిన మెమో. శుక్రవారం జరగాల్సిన వీడ్కోలు సభ రద్దని అప్పటికే అటెండరు మా చెవిలో ఊదాడు. ఈ క్షణం కోసమే నేను ఇన్నేళ్ళూ తీగలు తిప్పాను. కడుపు చల్లబడింది, ఆ మాట ఎందుకు దాచాలి?

ఆయన మా ముందు ఆగాడు. అక్కను ఎగాదిగా చూశాడు.

"నువ్వు ఎదురు జిరాక్సు షాపులో అమ్మాయివి కదూ? నీకు నాతో ఏం గొడవమ్మా?"

అక్క లేచి నిలబడింది. ఏ ఏడాదో చెప్పింది, ఏ గ్రూపో చెప్పింది. "అరవై ఎనిమిది శాతం. అమ్మకు వెన్నుపూస ఆపరేషన్. మీరు సినిమాలన్నారు."

ఆయన నిజంగానే గుర్తుచేసుకోవడానికి చూశాడు. నుదురు రుద్దుకున్నాడు. "ఎంతమందొస్తారమ్మా రోజూ. ఎవరినని గుర్తుపెట్టుకోను?" అని, మెట్లు దిగిపోయాడు.

ఆయన ముఖం మాడిపోవడం అక్క చూసింది, కానీ ఎందుకు మాడిందో ఆయనకు తెలియనే లేదు.

కమిటీ పిల్లకు కండోనేషన్ ఇచ్చింది. మిగిలిన పరీక్షలు రాయనిచ్చింది. జరిగిపోయిన రెండూ సప్లిమెంటరీలో రాసుకోవాలి, అది ఆరు నెలల తర్వాత. అప్పటిదాకా అవి బ్యాక్‌లాగులే. అక్క కంపెనీకి మూడు ఉత్తరాలు తయారుచేసింది, కాలేజీ తప్పని, పిల్ల తప్పు లేదని, అన్ని కాగితాలూ జతచేసి. కంపెనీ ఒక్క వాక్యంలో జవాబిచ్చింది. జాబితాలో తర్వాతి వ్యక్తిని తీసుకున్నాం.

ఆ జవాబు వచ్చిన రోజు కళ్ళజోడమ్మాయి దుకాణానికి వచ్చింది. గిరాకీ లేని వేళ. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"అక్కా, నేను రెండోసారి వచ్చి అడిగినప్పుడు ఇంకా ఐదు రోజులున్నాయి. ఆ రోజు వెళ్ళి గుర్తుచేస్తే ఆయన తీసేవాడా?"

"ఆయన సంగతి నీకు తెలీదమ్మా..." అని నేను అబద్ధానికి సిద్ధపడ్డాను.

"తీసేవాడు," అంది అక్క.

"మీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

పిల్ల కళ్ళజోడు తీసి, అద్దాలు వేళ్ళతోనే తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. "ఆయనకు నా పేరు కూడా తెలీదక్కా. కమిటీలో రెండుసార్లు తప్పు పలికాడు. మీకు తెలుసు. మా అమ్మ ఎక్కడ పనిచేస్తుందో కూడా తెలుసు."

అక్క బల్ల మీది కాగితం ముందుకు జరిపింది. "ఇంకో అప్పీలు ఉంది. యూనివర్సిటీకి పెట్టొచ్చు. నేను రాసిస్తాను."

"వద్దు. నేను రాసుకుంటాను," అంది పిల్ల. మర్యాదగానే అంది. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

నాకు మండిపోయింది. ఎప్పటిలాగే నోరు జారాను. "చూశావా, ఇంత చేసిపెట్టినందుకు..."

"నోర్ముయ్," అంది అక్క. నా జన్మలో ఆమె నన్ను అలా అనడం అదే మొదలు. తర్వాత మామూలు గొంతుతో, "అది అన్నదాంట్లో తప్పేముంది?" అంది.

సాయంత్రం షట్టరు దించేముందు ఉండబట్టలేక అడిగేశాను. "అయ్యో అనిపిస్తోందా?"

"ఆ పిల్ల విషయంలో అనిపిస్తోంది," అంది. "ఆయన విషయంలో అనిపించట్లేదు. ఇప్పటికీ లేదు. కానీ రెండూ నేను చేసిన ఒక్క పనే కదే. దాన్ని ఎలా విడదియ్యాలో తెలీట్లేదు."

ఆ రోజు ఆమె నా వంక చూసినప్పుడు, వద్దమ్మా అన్న నోరు నాది.